120 గ్రాముల పొట్లం మనకు చెప్పని సంగతి

మరో నెలన్నరలో పత్తి విత్తనాల ప్యాకెట్లు దుకాణాల్లోకి వస్తాయి. వాటితోపాటే గోడల మీద పోస్టర్లు, ఊరూరా మైకు కట్టిన ఆటోలు, ఫోన్లలో వీడియోలు వస్తాయి. ఏ విత్తనం కొనాలి, బిల్లు ఎందుకు తీసుకోవాలి, నకిలీని ఎలా గుర్తుపట్టాలి అన్న వాటి మీద మన సంఘం ఏటా కరపత్రం వేస్తుంది. ఈసారీ వేస్తుంది. ఈ వ్యాసం మాత్రం వేరే సంగతి మీద. మనకు సైన్సు ఎవరు చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు, దాన్ని మనం ఎలా వింటున్నాం అన్నదాని మీద.

ఇది చదువుకున్నవాళ్ల వ్యవహారమని పేజీ తిప్పేయకండి. సంఘంలో పనిచేసే మాలో ఎక్కువమంది పదో తరగతి దాటనివాళ్లమే. కానీ ఈ విషయంలో మేము చేసిన తప్పుకు ఖరీదు కట్టింది మన చేనులే. అందుకే రాస్తున్నాం.

గత నెల ఒక ఊళ్లో సంఘం సమావేశం పెట్టుకున్నాం. గులాబీ రంగు పురుగు మీద మాట్లాడుతున్నాం. నష్టపరిహారం, బీమా, సీసీఐ కొనుగోళ్లు అన్నీ అయ్యాయి. చివర్లో, రెండెకరాలు కౌలుకు చేసే ఒక అక్క లేచి నిలబడింది.

"అన్నా, ఎనకట పత్తి ప్యాకెట్ల ఇంకో చిన్న పొట్లం వచ్చేది గదా. మేమైతే గట్టుకు ఇసిరేసినం. అసలు అదెందుకిచ్చిండ్రు?"

అందరూ నవ్వారు. అక్కడున్న వాళ్లలో సగం మంది అదే పని చేసినవాళ్లు. "చేను చుట్టూ వేయమని ఇచ్చారమ్మా" అన్నాం. "అది ప్యాకెట్ మీదనే ఉండె. ఎందుకెయ్యాలె అని అడుగుతున్న" అంది. వేదిక మీద నలుగురం ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇరవై ఏళ్లుగా పత్తి మీద ఉపన్యాసాలిచ్చినవాళ్లం, ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఎవరో మాట మార్చారు. సమావేశం అయిపోయింది.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. తెలిసినవాళ్లను అడిగాం, చదివాం, మళ్లీ అడిగాం. అర్థమయ్యాక మాకు కలిగింది కోపం. ఆ అక్క మీద కాదు, ఎవరో ఒక్కరి మీదా కాదు. ఇంత తేలికైన కథను ఇన్నేళ్లలో ఒక్కరూ మనకు కూర్చోబెట్టి చెప్పలేదే అని. మేమూ అడగలేదే అని.

ఆ పొట్లం కథ

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి ఇచ్చారు. మన రాష్ట్రం మొదటి వరసలోనే ఉంది. నేలలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి కొన్ని పురుగుల కడుపును పాడుచేసే ప్రొటీన్ తయారుచేస్తుంది. ఆ గుణాన్ని పత్తి మొక్కలోకి ఎక్కించారు. పురుగు ఆకునో కాయనో కొరికితే చస్తుంది. ఇంతవరకు కంపెనీ పోస్టర్ చెప్పింది, డీలరు చెప్పాడు, మనమూ ఒకరికొకరం చెప్పుకున్నాం.

అక్కడ ఆగిపోయిన కథ అసలు అక్కడే మొదలవుతుంది. లక్షల పురుగుల్లో ఒకటో రెండో పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకునేవి ఉంటాయి. చేనంతా బీటీ అయితే మిగతావన్నీ చస్తాయి, ఆ ఒకటీ రెండే బతుకుతాయి. అవి రెక్కల పురుగులై ఎగిరినప్పుడు జత కట్టడానికి వాటికి దొరికేవి తమలాంటివే. తట్టుకునే తల్లికి, తట్టుకునే తండ్రికి పుట్టిన పిల్లలూ తట్టుకుంటాయి. పురుగుకు ఒక తరం అంటే నెల, నెలన్నర. కొన్నేళ్లలో చేనంతా అవే అవుతాయి.

ఇప్పుడు పొట్లం సంగతి. 450 గ్రాముల బీటీ గింజలతోపాటు 120 గ్రాముల మామూలు గింజలు ఇచ్చేవాళ్లు. చేనులో 20 శాతం, లేదా చుట్టూ ఐదు సాళ్లు, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వేయాలని నియమం. ఆ సాళ్లలో పురుగులు చావవు. బతుకుతాయి, పెరుగుతాయి, ఎగురుతాయి. బీటీ చేలో మొండిగా బతికిన ఆ ఒక్క పురుగుకు చుట్టూ వందల మామూలు పురుగులు జతకు దొరుకుతాయి. అట్లా కలిసి పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం విషాన్ని తట్టుకోలేవు, బీటీ ఆకు తిని చస్తాయి. అంటే ఆ ఐదు సాళ్లు మనం పురుగుకు ఇచ్చే కౌలు లాంటివి. అవి వదిలితేనే మిగతా చేనుకు విత్తనం పనితనం నిలబడుతుంది.

సంగతి ఇంతే. పొయ్యి దగ్గర కూర్చుని పిల్లలకు చెప్పగలిగినంత కథ. మరి మనకేం చెప్పారు? "చుట్టూ ఐదు సాళ్లు వేయవలెను" అని చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం. కారణం లేని ఆజ్ఞ.

ఎకరం చేనున్న రైతు దగ్గర నిలబడి ఆలోచించండి. 20 శాతం అంటే ఎనిమిది గుంటలు. ఆ ఎనిమిది గుంటల్లో పురుగు పడుతుందని తెలిసి, దానికీ దున్నకం, ఎరువు, కలుపు కూలి పెట్టాలి. కౌలుదారైతే దానికీ కౌలు కట్టాలి. కారణం చెప్పకుండా ఈ పని చేయమంటే ఎవరు చేస్తారు? పైగా ఆ పొట్లంలో గింజ సరిగా మొలవలేదని చాలాచోట్ల రైతులు చెప్పారు. మేమూ ఒక ఏడాది నాటి చూశాం, సగం మొలవలేదు. గట్టుకు విసిరేసిన రైతును తెలివితక్కువవాడనడం అన్యాయం. తనకు తెలిసినంతలో అతను లెక్క సరిగానే వేసుకున్నాడు. అతనికి తెలియనివ్వకపోవడంలో ఉంది తప్పు.

ఆ తర్వాత జరిగింది మనందరికీ తెలుసు. గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లో గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో ఆ సాంకేతికత అమ్మిన కంపెనీయే ఒప్పుకుంది. అప్పటికే, 2006 నుంచి, రెండు విషాలున్న రెండో రకం బీటీ వచ్చింది. ఇంకో నాలుగైదేళ్లకు దాన్నీ తట్టుకుంది. 2017 వానాకాలం పంటలో మహారాష్ట్రలో, మన దగ్గర ఏం జరిగిందో గుర్తుంది కదా. పైకి కాయ బాగానే ఉండేది. పగలగొడితే లోపల ఎర్రటి పురుగు, గొట్టుపట్టిన దూది. పువ్వు రేకులు విచ్చుకోకుండా ముడుచుకుని గుడ్డి పూలయ్యాయి. మేము ఆ ఏడాది ఆరుసార్లు మందు కొట్టాం. ఆ పురుగు గుడ్డు పగిలిన కొద్దిసేపటికే కాయలోకి దూరిపోతుందని, దూరిన రంధ్రం పూడిపోతుందని, ఆ తర్వాత పైన ఎంత కొట్టినా దానికి తగలదని మాకు మందు అమ్మిన కొట్టువాడు చెప్పలేదు. ఆరో మందు డబ్బా అప్పు ఇంకా పుస్తకంలో ఉండగానే ఈ సంగతి తెలిసింది.

ఒక్క కారణంతో ఆగకూడదు

పొట్లం విసిరేయడం వల్లనే అంతా జరిగిందని రాస్తే మేము కూడా సగం కథ చెప్పినవాళ్లమవుతాం. ఇంకా కారణాలున్నాయి.

ఒకటి. శనగపచ్చ పురుగు పత్తే కాదు, కంది, శనగ, టమాటా కూడా తింటుంది. కాబట్టి చుట్టుపక్కల వేరే పంటల్లో మామూలు పురుగులు బతుకుతూనే ఉంటాయి. గులాబీ పురుగు దాదాపు పత్తి మీదనే బతుకుతుంది. దానికి పత్తే దిక్కు. అందుకే పచ్చ పురుగు కంటే ముందు ఇది తిరగబడింది. కొన్ని పొట్లాల్లో మామూలు పత్తికి బదులు కంది గింజలు వచ్చాయి, గుర్తుందా? కంది సాళ్లు పచ్చ పురుగు విషయంలో పనికొస్తాయి. గులాబీ పురుగు విషయంలో పనికిరావు. ఈ తేడా మనకు ఎవరు చెప్పారు?

రెండు. నీళ్లున్నవాళ్లం చివరి తీత కోసం చేనును ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచుతున్నాం. పురుగుకు అదనంగా రెండు తరాలు పెరిగే వీలిస్తున్నాం. కట్టె పీకినా గట్టు మీద కుప్పేసి వచ్చే ఏడాది దాకా ఉంచుతున్నాం. పురుగు ఆ ఎండు కాయల్లో, జిన్నింగ్ మిల్లుల దగ్గర పడి ఉన్న గింజల్లో నిద్రపోతుంది, మళ్లీ పూత వేళకు లేస్తుంది. చివరి తీతలో వచ్చే రెండు క్వింటాళ్ల మీద ఆశ ఎందుకో మాకు తెలుసు. ధర గిట్టుబాటైతే ఆ ఆశ అంత ఉండదు. అయినా దాని ఖరీదు వచ్చే ఏడాది ఊరంతా కడుతోందన్నది నిజం.

మూడు. ఇదే గులాబీ పురుగు అమెరికాలోనూ ఉండేది. అక్కడి ఆరిజోనా రైతులు 1996 నుంచి బీటీ పత్తి వేస్తూనే మామూలు పత్తినీ తగినంత వేశారు. తర్వాత ప్రభుత్వం, రైతులు కలిసి గొడ్డు చేసిన మగ, ఆడ రెక్కల పురుగులను చేల మీద వదిలారు, లింగాకర్షణ మందులు వాడారు, పంట కాగానే మోళ్లు లేకుండా చేశారు. 2018లో తమ పత్తి పొలాల్లో ఆ పురుగు లేదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లవి వందల ఎకరాల కమతాలు, మనవి రెండెకరాలు. వాళ్ల పద్ధతి ఉన్నదున్నట్టు మనకు కుదరదు. కానీ అదే విత్తనం, అదే పురుగు ఉన్నా, కథ మొత్తం తెలిసి అందరూ కలిసి నడిచిన చోట ఒక ఫలితం, ఆజ్ఞలు మాత్రమే దిగిన చోట ఇంకో ఫలితం వచ్చాయని గమనించాలి.

మా తప్పు కూడా చెప్పుకోవాలి

బీటీ విత్తనం వచ్చిన కొత్తలో ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటి ఉండేది. రైతు సంఘాలు గొడవ చేశాయి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీసీకి వెళ్లింది. 2006లో అది 750 రూపాయలకు దిగింది. ఆ పోరాటం గురించి మేము ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అదే ప్యాకెట్ లోపల ఉన్న చిన్న పొట్లం గురించి మేము ఒక్క ధర్నా చేయలేదు, ఒక్క వినతిపత్రం ఇవ్వలేదు, ఒక్క మీటింగులో మాట్లాడలేదు. ధర మన విషయం, సైన్సు వాళ్ల విషయం అనుకున్నాం. ఆ గీత గీసుకున్నది మేమే.

ఇంకో తప్పు. సైన్సు పేరుతో వచ్చే దేన్నైనా గుడ్డిగా నమ్మడం ఎంత చెడ్డదో, మనవాళ్లు చెప్పారు కాబట్టి దేన్నైనా నమ్మడమూ అంతే చెడ్డది. 2004లో గుర్తుందా, పత్తి మీద కూల్‌డ్రింకు కొడితే పురుగు చస్తుందని పుకారు లేచింది. గుంటూరు నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా రైతులు కొట్టారు, పత్రికలు రాశాయి. మేమూ కొట్టాం. నాలుగు రోజుల్లో పురుగు తగ్గినట్టే కనిపించింది. "పనిచేసింది" అని పక్క ఊళ్లో చెప్పాం. వాళ్లూ కొట్టారు.

నిజంగా పనిచేసిందా? మాకు తెలియదు. ఎందుకు తెలియదంటే, చేనంతా కొట్టేశాం. పోల్చి చూడటానికి కొట్టని సాలు ఒక్కటీ మిగల్చలేదు. పురుగు తనంతట తానే తగ్గే దశలో ఉండొచ్చు. వాన పడి తగ్గి ఉండొచ్చు. తీపికి చీమలు వచ్చి పురుగును తిని ఉండొచ్చని అప్పట్లో కొందరు శాస్త్రవేత్తలు అన్నారు. అదే నిజమైతే బెల్లం నీళ్లు చాలు, సీసాకు డబ్బు దండగ. ఇది తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నాలుగు సాళ్లకు కూల్‌డ్రింకు, నాలుగు సాళ్లకు బెల్లం నీళ్లు, నాలుగు సాళ్లకు ఉత్త నీళ్లు కొట్టి, నాలుగు సాళ్లు ఏమీ కొట్టకుండా వదిలి, వారం తర్వాత ఒక్కో చోట ఇరవై మొక్కల మీద పురుగులు లెక్కపెడితే సరిపోయేది. మనకు లెక్క వచ్చు, చేను ఉంది, కళ్లున్నాయి. ఆ అలవాటే లేదు.

మన ఇళ్లలో ఆడవాళ్లు కొత్త బియ్యం కొన్నప్పుడు ముందు ఒక గిద్దెడు వండి చూస్తారు. బస్తా మొత్తం ఎసట్లో పోయరు. అన్నం దగ్గర ఉన్న జాగ్రత్త లక్ష రూపాయల పెట్టుబడి దగ్గర ఎందుకు పోతోంది?

జవాబు చెప్పని బడి

సైన్సును రైతుకు ఇంకోలా చెప్పవచ్చని చూపిన దేశం ఒకటుంది. ఇండోనేషియా. అక్కడ 1970ల్లో, 80ల్లో వరికి పురుగుమందులు ప్రభుత్వమే భారీ సబ్సిడీతో ఇచ్చేది. కొట్టేకొద్దీ సుడిదోమ పెరిగింది. కారణం వెతికితే, మందు దోమ కంటే ముందు దోమను తినే సాలీళ్లను, దాని గుడ్లను తినే మిరిడ్ నల్లులను చంపుతోందని తేలింది. దోమ గుడ్లు మొక్క కాండంలో దాగి ఉంటాయి, మందు తగలదు. అవి పొదిగేసరికి చేలో వాటిని తినేవాడు ఉండడు. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద వాడే 57 రకాల మందులను ఒకేసారి నిషేధించింది. తర్వాత సబ్సిడీ ఎత్తేసింది. 1989 నుంచి చేలోనే బడులు పెట్టింది.

ఆ బడుల్లో ఒక పద్ధతి మాకు చాలా నచ్చింది. రైతు ఒక పురుగును పట్టి తెచ్చి "ఇదేమిటి?" అని అడిగితే, నేర్పేవాడు పేరు చెప్పడు. "ఎక్కడ దొరికింది? ఏం చేస్తూ ఉంది? ఇంకా ఎన్ని కనిపించాయి?" అని ఎదురు అడుగుతాడు. ఆ పురుగును, దాంతోపాటు నాలుగు సుడిదోమలను ఒక ప్లాస్టిక్ గ్లాసులో వేసి పైన గుడ్డ కట్టి ఒక రోజు ఉంచమంటాడు. మర్నాడు దోమలు లేవు, సాలీడు ఉంది. ఇక ఆ రైతుకు ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. ఏ డీలరూ అతనికి "చేలో కనిపించిన ప్రతి పురుగూ శత్రువే" అని అమ్మలేడు. ఆ దేశంలో వరి మీద మందుల వాడకం బాగా తగ్గింది, దిగుబడి పడిపోలేదు.

మన దగ్గరా పొలంబడి పేరుతో ఇది వచ్చింది. బాగా నడిచిన చోట రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ చాలాచోట్ల పొలంబడి అంటే ఫ్లెక్సీ, ఫొటో, బిస్కెట్ ప్యాకెట్, రిజిస్టర్లో సంతకాలుగా మారింది. అధికారి వచ్చి పాఠం చదివి వెళ్లిపోతాడు. ఆయన తప్పు కూడా పూర్తిగా కాదు. నాలుగైదు ఊళ్లు ఒక్కరి నెత్తిన పెట్టి, పంటల నమోదు నుంచి యాప్‌లో ఫొటోల దాకా ఆయన చేత చేయిస్తే, చేలో కూర్చుని గ్లాసులో పురుగు చూపించే తీరిక ఎక్కడిది?

మంచి కథను ఎలా గుర్తుపట్టాలి

తెలుగులో సైన్సును కథలా చెప్పినవాళ్లు లేకపోలేదు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివాళ్లు నక్షత్రాలను, అణువును, జీవుల పుట్టుకను మామూలు మనిషికి అర్థమయ్యేలా రాశారు. జనవిజ్ఞాన వేదిక ఊళ్లలో మూఢనమ్మకాల మీద ప్రదర్శనలిచ్చింది. చంద్రగ్రహణం గురించి మన పిల్లలకు ఈ రోజు తెలిసింది వాళ్ల చలవే. కానీ పత్తి కాయ లోపల ఏం జరుగుతోందో, మందు డబ్బా మీద ఉన్న పచ్చ, నీలం, పసుపు, ఎరుపు ముక్కోణాలు ఏం చెబుతున్నాయో అంత ఓపికగా రైతుకు చెప్పినవాళ్లు తక్కువ. ఆ ఖాళీని కంపెనీ ఏజెంట్లు, యూట్యూబ్ వీడియోలు నింపాయి. వాళ్లూ కథే చెబుతారు, బాగా చెబుతారు. అందుకే మనం వింటాం.

కథ చెప్పడం తప్పు కాదు. కథ లేకుండా మనిషికి ఏదీ గుర్తుండదు. కథ ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు అన్నది చూసుకోవాలి. మేము మాలో మాట్లాడుకుని అయిదు ప్రశ్నలు రాసుకున్నాం. విత్తనం అమ్మేవాడినీ, అధికారినీ, ప్రకృతి సేద్యం చెప్పే పెద్దమనిషినీ, మమ్మల్నీ కూడా ఇవే అడగండి.

మొదటిది: ఎందుకు? "చేయండి" అన్న ప్రతి మాట వెనక కారణం అడగండి. కారణం చెప్పలేనివాడికి తానే అర్థం కాలేదన్నమాట.

రెండోది: దేనితో పోల్చి చెబుతున్నారు? ఎకరానికి పదిహేను క్వింటాళ్లు వచ్చిందంటే, అదే నేలలో, అదే ఏడాది, అది వాడని చేలో ఎంత వచ్చింది?

మూడోది: పోయినవాళ్లు ఎక్కడ? వీడియోలో గెలిచిన రైతే మాట్లాడతాడు. అదే విత్తనం వేసి మునిగిన తొమ్మిదిమంది కెమెరా ముందుకు రారు. వాళ్ల ఊరి పేరు అడగండి, ఫోన్ చేయండి.

నాలుగోది: ఇది ఎప్పుడు పనిచేయదు? అన్ని నేలలకు, అన్ని కాలాలకు, అన్ని పురుగులకు పనిచేసేది ఏదీ లేదు. హద్దు చెప్పనివాడు అమ్ముతున్నాడు, నేర్పడం లేదు.

అయిదోది: దీంట్లో నీకేం వస్తుంది? చెప్పేవాడికి కమీషన్ ఉంటే అతను చెప్పేది అబద్ధమే అయి ఉండాలని లేదు. కానీ మనం ఇంకో చోట కూడా విచారించి తీరాలి.

ఈ ప్రశ్నలు మర్యాద తప్పి అడగాలని మేము చెప్పడం లేదు. సందేహించడం వేరు, ఎగతాళి చేయడం వేరు. యూనివర్సిటీ శాస్త్రవేత్త చెప్పింది అంతా కంపెనీ మాటే అని కొట్టిపారేయడం కూడా గుడ్డితనమే. నెలకు మూడు వానలు లెక్కపెట్టి, రాత్రుళ్లు లింగాకర్షక బుట్టల్లో పురుగులు లెక్కపెట్టి, వరసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది పురుగులు పడితే జాగ్రత్త పడాలని చెప్పినవాళ్లూ శాస్త్రవేత్తలే. ఆ లెక్క తెలిసిన రైతు పదిసార్లు కొట్టే మందు నాలుగుసార్లతో సరిపెట్టుకోవచ్చు.

"దీంతో గిట్టుబాటు ధర వస్తుందా?"

ఈ వ్యాసం ముసాయిదా చదివి మాలోనే ఒక పెద్దాయన అడిగారు: "ఇవన్నీ తెలిస్తే మద్దతు ధర పెరుగుతుందా? అప్పు మాఫీ అవుతుందా? ప్రభుత్వం చేయాల్సింది వదిలేసి తప్పంతా రైతు తెలివి మీదకు తోస్తున్నారా?"

న్యాయమైన ప్రశ్న. రైతుకు సైన్సు తెలియకపోవడం వల్లే రైతు చస్తున్నాడని ఎవరైనా అంటే వాళ్లతో మేము కొట్లాడతాం. ధర, అప్పు, కౌలు, బీమా ఇవి ముందు. వాటి మీద పోరాటం ఒక్క రోజూ ఆగదు. కానీ ఆరు డబ్బాల మందు ఖర్చు కూడా అప్పే కదా. ఆ అప్పు ధర లేక కాలేదు, సగం కథ విన్నందువల్ల అయింది. ఒక పోరాటం ఇంకో పోరాటానికి అడ్డం కాదు.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. మంచిదే. మనకు విధి ఉన్నప్పుడు, మనకు పూర్తి సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకూ ఉండాలి. కాబట్టి మన డిమాండ్లలో ఇవి కూడా చేరాలి. విత్తన ప్యాకెట్ మీద ఆజ్ఞలతోపాటు కారణం తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో రాయాలి. విశ్వవిద్యాలయం పొలాల్లో చేసిన పరీక్షల్లో ఓడిన రకాల పేర్లు కూడా విత్తన కాలానికి ముందే ప్రకటించాలి. పొలంబడి సంతకాల లెక్కతో కాక, రైతులు చేలో చేసిన పరీక్షల లెక్కతో నడవాలి. విస్తరణ అధికారుల ఖాళీలు నింపాలి, యాప్ పనులు తగ్గించాలి. గులాబీ పురుగు పనిపట్టాలంటే కట్టె తీసేయడం ఊరంతా ఒకేసారి జరగాలి. దానికి యంత్రాలు, కూలి ఖర్చు ప్రభుత్వం భరించాలి.

ఇక మన పని. ఈ వానాకాలం ప్రతి శాఖ కనీసం ఒక చేలో నాలుగు సాళ్లు వదలాలి. ఏ కొత్త మందు వాడినా, ఏ కషాయం వాడినా, ఆ నాలుగు సాళ్లకు కొట్టకూడదు. గట్టు మీద ఒక కర్ర పాతి "పోల్చే సాళ్లు" అని అట్ట కట్టండి. వారానికోసారి లెక్క రాయండి, బడికి పోయే పిల్లల చేత రాయించండి. సంఘం చెప్పిన కషాయం పనిచేయలేదని తేలితే అదీ రాసి పంపండి. దాన్ని ఈ పత్రికలో ముందు వేస్తాం. మేము తప్పు చెప్పామని మా పత్రికలోనే అచ్చయిన రోజు మాకు చిన్నతనం కాదు.

వచ్చే నెల మళ్లీ ఆ ఊరికి వెళ్తున్నాం. ఈసారి ఉపన్యాసం పెట్టుకోలేదు. ఆ అక్క పేరు ముందు పిలిచి, ఆమె అడిగినదానికి జవాబు చెప్పి, ఆమె ఇంకేం అడుగుతుందో వినాలని అనుకుంటున్నాం. చేతిలో ఒక గ్లాసు, ఒక గుడ్డ ముక్క తీసుకెళ్తాం.